పసికందుకు స్నానం: నేను మళ్లీ నేర్చుకున్న పని

మా ఇంటి వెనుక వసారాలో టేకు చెక్కతో చేసిన ఒక పొట్టి పీట ఉంది. అది మా అత్తగారి కాలం నాటిది. దాని మీద కూర్చుని, రెండు కాళ్లూ చాపి, పసిబిడ్డను వాటి మీద బోర్లా పడుకోబెట్టి, కాగులోని వేడినీళ్లు చెంబుతో పోస్తూ స్నానం చేయించటంలో నాకు మా వాడలో మంచి పేరుండేది. నా నలుగురు పిల్లలే కాక, ఆడపడుచుల పిల్లలు, ఇరుగుపొరుగు పిల్లలు కలిసి ఇరవైమందికి పైగా నా కాళ్ల మీద స్నానం చేసినవారే. ఏడ్చి ఏడ్చి ఎర్రబడిన బిడ్డను తువ్వాలులో చుట్టి తల్లి చేతికి అందిస్తే చాలు, క్షణాల్లో నిద్రపోయేది. ‘నీ చేతిలో బరకత్ ఉంది’ అనేవారు. ఆ నిద్ర హాయివల్ల వచ్చినదని నేనూ నమ్మాను. అలసట వల్ల కూడా బిడ్డ అలాగే నిద్రపోతుందని అరవై రెండేళ్ల వయసులో గాని నాకు తెలిసిరాలేదు.

గత డిసెంబరులో మా చిన్నమ్మాయి తొలి కాన్పుకు పుట్టింటికి, స్టేషన్ ఘన్‌పూర్‌కు వచ్చింది. నెలలు నిండటానికి మూడు వారాల ముందే జనగామలో ప్రసవమైంది. ఆడపిల్ల, అల్‌హమ్దులిల్లాహ్. బరువు మాత్రం రెండు కిలోల నూరు గ్రాములే.

మొదటి పేచీ ఆసుపత్రిలోనే వచ్చింది. అజాన్ ఇవ్వటానికి సిద్ధమైన అల్లుణ్ణి నేను ఆపాను. స్నానం చేయించని బిడ్డ చెవిలో అజాన్ ఎలా ఇస్తారని నా సందేహం. నర్సేమో కనీసం ఇరవై నాలుగు గంటలు స్నానం ఊసే ఎత్తవద్దన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా కూడా అదేనట. బిడ్డ ఒంటి మీద వెన్నలా ఉండే తెల్లని పూత మురికి కాదని, అది చర్మాన్ని కాపాడుతుందని, రుద్ది తీసివేయకూడదని చెప్పింది. అల్లుడు మా మస్జిదు ఇమాము గారికి ఫోన్ చేశాడు. ‘ఒళ్లు తుడిచి, శుభ్రమైన గుడ్డలో చుట్టి అజాన్ ఇవ్వండి. స్నానం అందుకు షరతు కాదు’ అని ఆయన అన్నారు. అజాన్ అయితే అయింది గాని, నా మనసు కుదుటపడలేదు.

మూడో రోజున ఆశ కార్యకర్త ఇంటికి వచ్చింది. 2011లో మొదలైన నవజాత శిశు సంరక్షణ కార్యక్రమం కింద, ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను వారు 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి చూస్తారు. ఆ లెక్క వినగానే నాకు చిత్రంగా తోచింది. ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి మన ఇళ్లలో అకీఖా కోసం లెక్కపెట్టుకునే రోజులే కదా! నలభై రెండు చిల్లాకు రెండు రోజులు అటు. ఆమె బిడ్డను ఊయల త్రాసులో తూచి, బొడ్డు చూసి, ‘బొడ్డు ఊడి, బిడ్డ రెండున్నర కిలోలు దాటేదాకా నీళ్లు పోయకండమ్మా. మెత్తని తడిగుడ్డతో తుడిస్తే చాలు’ అన్నది.

‘నువ్వు పుట్టకముందు నుంచీ పోస్తున్న బిడ్డా’ అన్నాను, కొంచెం కటువుగానే.

ఆమె నొచ్చుకోలేదు. ‘తాగిన పాలు ఒంటికి పట్టాలె గని, చలికి ఖర్చయిపోతే ఎట్లమ్మా?’ అన్నది. ఇంత తేలికైన బిడ్డకు చర్మం కింద కొవ్వు ఉండదు. ఒళ్లు తడిస్తే వేడి త్వరగా పోతుంది. ఆ వేడిని మళ్లీ కూడగట్టుకోవటానికి, బరువు పెరగవలసిన శక్తిని బిడ్డ వెచ్చిస్తుంది. మాట సబబుగానే ఉంది. కానీ సబబుగా ఉన్న మాటను ఒప్పుకోవటానికి నాకు మరో నాలుగు రోజులు పట్టింది.

ఏడో రోజు బంధువులు వచ్చారు. తల వెంట్రుకలు తీయించి, స్నానం చేయించి, పేరు పెట్టాలని అందరి ఆలోచన. ‘వారం రోజులుగా బిడ్డను నాపాక్‌గా ఉంచుతారా?’ అని మా పెద్ద ఆడపడుచు నిలదీసింది. కాగు కింద మంట కూడా పెట్టారు. పీట నా ముందుకు వచ్చింది.

ఇక్కడ నేను ముప్పై ఏళ్లకు పైగా దాచిన మాట చెప్పాలి. నా రెండోవాడికి పద్దెనిమిదో రోజున స్నానానికి ముందు, అలవాటు ప్రకారం, చెవుల్లో, ముక్కు రంధ్రాల్లో కొబ్బరినూనె చుక్కలు వేశాను. వాడు పొలమారాడు. వీపు తట్టి స్నానం కానిచ్చాను. రెండు రోజులకు ఎగశ్వాస మొదలైంది. వరంగల్ ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉన్నాము. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగిందని వైద్యుడు నాతో చెప్పాడు. ఇంటికి వచ్చి నేను చెప్పింది వేరు: ‘నజర్ తగిలింది’ అన్నాను. అత్తగారు మిరపకాయలతో దిష్టి తీసింది. అల్లాహ్ దయవల్ల వాడు బతికాడు, ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. ఆ తర్వాత నేను ఏ బిడ్డ ముక్కులోనూ నూనె వేయలేదు. కానీ వేయవద్దని నోరు తెరిచి ఎవరికీ చెప్పనూ లేదు. చెబితే కారణం అడుగుతారని భయం.

ఆ రోజు కారణం చెప్పాను, అందరి ముందూ. మా ఆడపడుచు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తానే లేచి కాగు కింది కట్టెలు లాగేసింది. బిడ్డకు పేరు పెట్టి ఊరుకున్నాము. అకీఖా ఇరవై ఒకటో రోజుకు మార్చి, ఆనాడు ఎండ పొద్దున తల వెంట్రుకలు తీయించి, వెంటనే టోపీ తొడిగాము. వెంట్రుకల ఎత్తు వెండి ఖరీదును సదఖా ఇచ్చాము.

అంతవరకు తుడుపుడే. పగలు పదకొండు దాటాక, తలుపులు మూసి, ఫ్యాను ఆపి, గోరువెచ్చని నీటిలో పిండిన గుడ్డతో ఒక్కొక్క భాగమే విప్పి తుడిచి, ఆరబెట్టి, కప్పి, తర్వాత ఇంకొకటి. కళ్లను ముక్కువైపు నుంచి బయటికి, ఒక్కో కంటికి ఒక్కో దూది. పాలు కారి పాచిపట్టే మెడ ముడతలు, చంకలు, తొడల సందులు. ఇవి శుభ్రంగా ఉంటే పసిబిడ్డకు రోజూ స్నానం అక్కరలేదు. బొడ్డుకు ఏమీ పూయలేదు, పసుపు గాని నూనె గాని. పొడిగా వదిలేస్తే పదకొండో రోజున అదే ఊడింది. మిగతా వేళల్లో బిడ్డ తల్లి గుండెల మీద, చర్మానికి చర్మం తగిలేలా, దుప్పటి కింద ఉండేది.

ఇరవై ఎనిమిదో రోజున త్రాసు రెండు కిలోల ఆరు వందలు చూపింది.

స్నానాల గదిలో వద్దని, ముందు గదిలోనే చాప పరిచి ప్లాస్టిక్ టబ్బు పెట్టాము. దానివల్ల ఒక మేలు జరిగింది. స్నానాల గదిలో అల్లాహ్ పేరు పలకటానికి సంకోచిస్తాము కదా, ఇక్కడ మనసారా బిస్మిల్లాహ్ అనుకున్నాము. తువ్వాలు, బట్టలు, టోపీ ముందే చేతికి అందేలా పెట్టుకున్నాము, ఎందుకంటే నీటిలో ఉన్న బిడ్డను వదిలి ఒక్క అడుగు కూడా కదలరాదు. టబ్బులో ముందు చన్నీళ్లు, తర్వాత వేడినీళ్లు కలిపి మోచేయి ముంచి చూశాను. వేడి తెలియకూడదు, చలువా తెలియకూడదు. నీళ్లు నాలుగు వేళ్ల లోతు. నేను కాగులకు కాగులు ఒలికించినదాన్ని. మహాప్రవక్త (స) ఒక సా నుంచి ఐదు ముద్‌ల నీటితోనే గుసుల్ ముగించేవారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన హదీసు ఎన్నిసార్లు విని ఉంటానో! ఒక సా అంటే నాలుగు ముద్‌లు, మన లెక్కలో సుమారు మూడు లీటర్లు.

బట్టలు విప్పగానే బిడ్డ గుక్కపట్టింది. మా అమ్మాయి చేతులు వణికాయి. ‘అమ్మీ, నువ్వే కానియ్యి’ అన్నది. అప్పుడు ఆశ కార్యకర్త చెప్పిన ఉపాయం గుర్తుకొచ్చింది. పాత మల్‌మల్ దుపట్టా ఒకటి తెచ్చి, బిడ్డను వదులుగా చుట్టి, ఆ గుడ్డతో పాటే కాళ్లవైపు నుంచి నెమ్మదిగా నీటిలోకి దించాము. తల, మెడ మా అమ్మాయి మణికట్టు మీద ఉన్నాయి. ఏడుపు ఆగిపోయింది. అంతవరకు బిడ్డ ఏడ్చింది నీళ్లకు కాదు, ఒంటి మీది ఆచ్ఛాదన పోయినందుకు. ఒక చేయి విప్పి, కడిగి, మళ్లీ కప్పి, తర్వాత రెండో చేయి. బిడ్డ కళ్లు పెద్దవి చేసి వాళ్లమ్మనే చూస్తూ ఉండిపోయింది.

నేను ఆ ముఖాన్నే చూస్తున్నాను. ఇరవైమందికి పైగా పసివాళ్లకు స్నానం చేయించిన నేను, స్నానమాడే బిడ్డ ముఖాన్ని అంత తీరిగ్గా చూడటం అదే మొదటిసారి. నా కాళ్ల మీద వాళ్లు బోర్లా ఉండేవారు. నాకు కనిపించింది వీపులే.

తలను అన్నిటికన్నా చివర తడిపాము. పసిబిడ్డకు ఒంటితో పోలిస్తే తల పెద్దది. మొదటే తడిపితే స్నానం ముగిసేదాకా అక్కడి నుంచి వేడి పోతూనే ఉంటుంది. మొత్తం ఐదు నిమిషాలు. సబ్బు ఒకటి రెండు చోట్ల మాత్రమే.

నా పాత పద్ధతిలో అంతా చెడే అని నేను అనను. గోరువెచ్చని కొబ్బరినూనెతో అరచేతి మెత్తదనంతో ఒళ్లు మర్దన చేయటం మంచిదే, ఇప్పటికీ చేస్తున్నాను. ముక్కు నిక్కటానికి లాగటం, తల గుండ్రంగా రావాలని నొక్కటం మానేశాను. పుట్టిన బిడ్డ రొమ్ములు ఉబ్బి ఉంటే పాలు పిండేవాళ్లం, ఆడపిల్లకైతే మరీ పట్టుదలగా. ఆ ఉబ్బు తల్లి హార్మోన్ల వల్ల వచ్చేది, తానే తగ్గుతుంది, పిండితే పుండై చీము పడుతుంది. సాంబ్రాణి పొగ మాట చెప్పాలంటే, ఆ పరిమళం నాకెంతో ఇష్టం. కానీ నెలలైనా నిండని ఊపిరితిత్తులకు పొగ పొగే. జుట్టు ఆరటానికి పొడిగుడ్డ చాలు. 2017లో మా కోడలికి వచ్చిన కేసీఆర్ కిట్‌లోని పౌడరు డబ్బాను కూడా అప్పట్లో నేను ధారాళంగా ఖాళీ చేశాను. పొడి గాలిలో లేస్తే బిడ్డ పీల్చుకుంటుందన్న ధ్యాసే లేదు. ఇక నీళ్లు కాచే హీటరు కడ్డీని టబ్బులో గాని, టబ్బు దగ్గర గాని ఉంచవద్దని ప్రతి ఇంట్లోనూ చెబుతున్నాను.

ఆ తర్వాతి ఆదివారం హన్మకొండ నుంచి అల్లుడు వచ్చాడు. ‘నేను పట్టుకుంటా’ అన్నాడు. మా కాలంలో మగవాళ్లు బిడ్డ స్నానమప్పుడు వసారా దరిదాపులకు కూడా వచ్చేవారు కాదు. మహాప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో నిమగ్నమై ఉండేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన సంగతి తెలిసినవాళ్లమే, అయినా అంతే. అల్లుడు బిడ్డను ఎత్తుకున్నాడో లేదో, చొక్కా తడిసిపోయింది. మా అమ్మాయి కంగారుపడింది. నాకు ఉమ్మె ఖైస్ (రజి) గుర్తుకొచ్చారు. ఆమె తన చంటిబిడ్డను తెచ్చినప్పుడు ఆ పిల్లవాడు దైవప్రవక్త (స) బట్టల మీదే మూత్రం పోశాడు. ఆయన విసుక్కోలేదు. నీళ్లు తెప్పించి చల్లారు. బట్టను శుద్ధి చేసే తీరుపై ఫుఖహాల మధ్య చర్చ ఉంది, నేను చెబుతున్నది ఆ సంగతి కాదు. ఆ పిల్లవాడిని ఎవరూ గదమాయించలేదు, తల్లిని ఎవరూ తప్పుపట్టలేదు. అల్లుడు నవ్వి, చొక్కా మార్చుకుని వచ్చి, మళ్లీ బిడ్డను అందుకున్నాడు.

నలభై రెండో రోజు తూకం ముగిశాక వాళ్లు హన్మకొండ వెళ్లారు. టబ్బు, మల్‌మల్ దుపట్టా వాళ్లతోనే వెళ్లాయి. పదకొండు గంటలకు ఫోన్ వస్తుంది. వసారాలో పీట మీద కూర్చుని ఆ చిన్న తెరలో చూస్తాను. మొన్న మా ఆడపడుచు కూడా వచ్చి పక్కన చేరింది. చాలాసేపు చూసి, ‘తల ఇంకా తడపలేదేం?’ అని నన్ను అడిగింది.

‘ఆగు ఆపా, తల చివర’ అన్నాను.