సెల్లోటేప్ ముక్క

మా నాన్నకి వరంగల్‌లో చిన్న డీటీపీ సెంటర్ ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడు ఎవరైనా సొంత ఖర్చుతో వేయించుకునే పుస్తకాలు. అంతా ఒక్క కంప్యూటర్ మీదే. ఏదో ఆఫీసులో తీసేస్తే సెకండ్ హ్యాండ్‌లో కొన్న నల్ల డబ్బా అది. లోపల ఇంటెల్ కోర్ 2 క్వాడ్ క్యూ6600. 2007లో వచ్చిన ప్రాసెసర్, అంటే దాదాపు నా ఈడుదే.

ఫస్టియర్ అయిపోయి మే నెలలో ఇంటికెళ్తే నాన్న అన్నాడు: "పొద్దున ఆన్ చేసి చాయ్ తాగొచ్చేదాక తెరుసుకుంటలేదురా ఇది."

నేను సీఎస్‌ఈ కదా. ఓవర్‌క్లాక్ చేసేద్దాం అనుకున్నా.

కానీ ఆఫీసు కంప్యూటర్ బయోస్‌లో ఆ ఆప్షనే ఉండదు. తేదీ, పాస్‌వర్డ్, బూట్ ఆర్డర్, అంతే. వందల మెషీన్లు కొనే ఆఫీసుకి కావాల్సింది వేగం కాదు, ఏదీ ఆగిపోకపోవడం. అందుకే కంపెనీ ఆ తలుపు మూసేసి ఇస్తుంది.

దీనికి పాత ఉపాయం ఒకటుంది. ఈ ప్రాసెసర్ వేగం ఒక చిన్న గుణకారం: బస్ క్లాక్ 266 మెగాహెర్ట్జ్, దాన్ని 9తో గుణిస్తే 2.4 గిగాహెర్ట్జ్. తనకి ఏ క్లాక్ కావాలో ప్రాసెసరే మూడు సిగ్నళ్లతో మదర్‌బోర్డుకి చెబుతుంది. ప్రాసెసర్ అడుగున 775 బంగారు రంగు చుక్కలుంటాయి. వాటిలో ఆ సిగ్నల్ చుక్క ఒకదాన్ని టేప్‌తో కప్పేస్తే బోర్డు 333 అని చదువుకుంటుంది. 333ని 9తో గుణిస్తే 3 గిగాహెర్ట్జ్. పైసా ఖర్చు లేకుండా 25 శాతం వేగం!

నాన్న పడుకున్నాక షాపు తాళాలు తీసుకెళ్లా. ఆవగింజంత సెల్లోటేప్ ముక్క అంటించి, థర్మల్ పేస్ట్ రాసి, ఫ్యాన్ బిగించి ఆన్ చేశా. సీపీయూ-జెడ్‌లో 3 గిగాహెర్ట్జ్ కనిపించగానే చేతులు వణికాయి. ప్రైమ్95 గంటసేపు నడిపా. ఏమీ కాలేదు. నాన్నకి చెప్పలేదు. తనే గమనించి అడిగితే చెబుదామని.

తెల్లారి నాన్న మామూలుగానే ఆన్ చేసి, మామూలుగానే చాయ్‌కి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి అది ఇంకా తెరుచుకుంటూనే ఉంది.

నాలుగో రోజు మధ్యాహ్నం స్క్రీన్ నీలంగా మారింది. ఒక రిటైర్డ్ సారు పద్యాల పుస్తకం, సరిగ్గా సేవ్ అవుతుండగా. మళ్లీ ఆన్ చేస్తే ఆ ఫైల్ తెరుచుకోలేదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ముందురోజు కాపీ. పద్నాలుగు పేజీలు పోయాయి. పొద్దునకల్లా ప్రెస్సుకి ఇవ్వాలి.

నేను టెస్ట్ చేసింది రాత్రి చల్లదనంలో. షాపులో ఏసీ లేదు. క్లాక్ పెరిగితే వేడి పెరుగుతుంది, వేగానికి తగ్గట్టు వోల్టేజ్ పెంచుదామన్నా ఆ బయోస్‌లో వీల్లేదు. మే నెల మధ్యాహ్నం మూడింటికి వరంగల్ ఎలా ఉంటుందో నాకు తెలియనిది కాదు.

నాన్న మాత్రం, "నాదే తప్పు. మధ్యల ఇంకోదాంట్ల గూడ ఏసుకోవాల్సింది. దానికీ వయసైంది, నాకూ అయింది" అన్నాడు.

అప్పుడు చెప్పాలి. చెప్పలేదు.

ఆ రాత్రి ముందు కంప్యూటర్ మూత తీసి, "దుమ్ము దులుపుతా" అని చెప్పి టేప్ పీకేశా. తర్వాత నేను రాతప్రతి చదువుతుంటే నాన్న టైప్ చేశాడు. ఇంగ్లిష్ మీడియం నోరు కదా, ప్రతి సంయుక్తాక్షరం దగ్గరా తడబడ్డా. కీబోర్డు మీద చేతులు ఆపకుండానే నా తప్పులు దిద్దాడు. రెండున్నరకి పూర్తయింది.

సెకండియర్‌లో ఆమ్డాల్ సూత్రం చెప్పారు. 1967 నాటిది. ఒక పనికి వంద సెకన్లు పడుతుంటే, అందులో ప్రాసెసర్ వంతు పదే అనుకోండి. దాన్ని 25 శాతం వేగవంతం చేస్తే ఆ పది ఎనిమిదవుతుంది. మొత్తం తొంభై ఎనిమిది. క్లాసులో అందరూ నోట్స్ రాసుకుంటున్నారు, నాకు నాన్న చాయ్ గ్లాసు కనబడింది. ఆ కంప్యూటర్‌లో నెమ్మది ప్రాసెసర్‌ది కాదు, తిరిగే పాత హార్డ్ డిస్క్‌ది. ఎక్కడ ఆలస్యమవుతోందో నాన్న మొదటి మాటలోనే చెప్పాడు: పొద్దున, ఆన్ చేసినప్పుడు. నేను విన్నది "స్లో" అన్న ఒక్క ముక్క.

దసరాకి వెళ్లి ఎస్‌ఎస్‌డీ వేశా. ఇప్పుడు ఆన్ చేశాక చాయ్‌కి టైమ్ ఉండట్లేదని నాన్న కంప్లైంట్. ప్రాసెసర్ అదే, 2.4లోనే ఉంది.

ఈ వ్యాసం కూడా ఆ కంప్యూటర్ మీదే టైప్ చేశా. అచ్చుతప్పులు చూడమని ఫైల్ నాన్న డెస్క్‌టాప్ మీద పెట్టి, హాస్టల్‌కి బస్సెక్కుతున్నా.