పాతయంత్రమునకు క్రొత్తపలక

గౌలిపురలో మా యింటి మేడమెట్ల క్రింద నొక బీబీసీ మైక్రో కంప్యూటరు చాలకాలము పడియుండెను. 1984లో కేంద్రప్రభుత్వము ‘క్లాస్’ అను పథకమును ప్రారంభించి, పాఠశాలలకు ఈ జాతి యంత్రములను పంచిపెట్టెను. మా యక్కయ్య లెక్కల పంతులమ్మ. ఆమె పాఠశాలలోని యంత్రమును కాలము చెల్లినదని పాతసామానులతో అమ్మివేయగా, ఆమె దానిని తూకమునకు కొని తెచ్చుకొనెను. దానితోపాటు పదునాలుగు ఫ్లాపీలును వచ్చినవి. ఆడపిల్లలకు భిన్నములు నేర్పుటకై ఆమె స్వయముగ బేసిక్ భాషలో వ్రాసిన పాఠములు వానియందున్నవి. ఇంటిల్లిపాదియు దానిని చెత్త యనుచుండిరి. నేనును అన్నవాడనే. ఆమె అచ్చుపుస్తకము వ్రాసియుండినచో అట్లనియుందుమా?

ఆమె ఉద్యోగము విరమించిన పిదప ఆ పాఠములను మరల చూడగోరినది. యంత్రము వెలిగెను గాని ఫ్లాపీలను చదువలేదు. మూత తీసి చూడగా, ఫ్లాపీని నడుపు ఇంటెల్ 8271 చిప్పు ఉండవలసిన నలువదికాళ్ల గూడు శూన్యముగ నుండెను. ఎవరు పెరికికొనిపోయిరో! ఆ చిప్పు తన కాలముననే ప్రియమైనది. దాని తయారీ ఎన్నడో నిలిచిపోయినది. అందుచేతనే ఏకారన్ కంపెనీవారు 1985లో వచ్చిన బి ప్లస్ యంత్రమున 1770 అను వేరొక చిప్పును వాడిరి. పాతయంత్రములకై ఆ చిప్పును చిన్నపలకపై నమర్చి, ఆ గూటిలోనే గ్రుచ్చు నుపాయముకూడ నుండెను.

నగరమున అట్టి పలక గల పెద్దమనిషి నొకనిని ఆశ్రయించితిని. ఆయన దానిని దూరమునుండి చూపెనే గాని, తీగెల పోకడ వ్రాసికొననీయలేదు. పదిమందికి తెలిసినచో దాని వెల తగ్గునట! మూలికల మర్మమును కొడుకునకైనను చెప్పక తనతో కాటికి గొనిపోయిన నాటువైద్యుడు నాకు జ్ఞప్తికి వచ్చెను. తుదకు, ఎన్నడును ముఖము చూడని విదేశీయులు ఉచితముగ వెల్లడించిన పటమే నాకు దిక్కయ్యెను.

కోఠీలోని గుజరాతీగల్లీలో రాగిపూతపలక, చిల్లర భాగములు కొంటిని. నిగనిగలాడు కాగితముపై అచ్చువేసిన గీతలను ఇస్త్రీపెట్టెతో పలకకెక్కించి, ఫెరిక్ క్లోరైడు ద్రవమున ముంచితిని. తెలివితక్కువచే తొలిసారి వంటింటి స్టీలుపళ్లెమును వాడగా, ఆ ద్రవము రాగితోపాటు పళ్లెమును గూడ తినివేసెను. మా యింటిది నన్ను ఇంకను క్షమింపలేదు. పలక సిద్ధమైనను యంత్రము పలుకలేదు. లోపలి పాత డీఎఫ్ఎస్ రోముకు 8271తో మాటలాడుటయే తెలియును. క్రొత్త చిప్పు భాష దానికి రాదు. తగిన రోమును వ్రాయించి అమర్చిన తరువాత ఫ్లాపీ తిరిగెను. పదునాలుగింట తొమ్మిది దక్కినవి. తక్కినవి బూజునకు బలియైనవి.

నాకు సిగ్గు గొలుపు సంగతి యిక చెప్పెదను. మరి నాలుగు పలకలు చేసితిని. పాతవస్తువులు కొను నొకడు, వానిపై పూర్వపు తయారీదారుని పేరు ముద్రించి, టీనీళ్లతో ముసలిరంగు పట్టించినచో మూడింతలు వెల యిత్తుననెను. నేను లొంగితిని! పేరు ముద్రించుటకు అచ్చుకాగితము సైతము సిద్ధపరచితిని. అక్కయ్య దానిని చూచి, “తమ్మీ, బడిలో చూచి రాసిన పిల్లను నేను కొట్టలేదు. చూచి రాసి, తన సొంతమని చెప్పిన పిల్లను కొట్టినాను,” అని మాత్రమనెను.

నకలు చేయుట తప్పుగాదు. అది లేనిచో ఆ తొమ్మిది ఫ్లాపీలు నేటికిని మూగవియే. నకలును అసలని నమ్మించి అమ్ముటయే దొంగతనము. ఆ రాత్రియే అచ్చుకాగితమును చించివేసితిని. ప్రతిపలకపైనను ‘నకలు, గౌలిపుర’ అని చెక్కితిని. కొనవచ్చినవాడు మరల రాలేదు. పలకలు రెండు ఖర్చుల వెలకే పోయినవి. రెండింకను నాయొద్దనే యున్నవి. పటము నడిగినవారి కెల్లరకు నిచ్చుచున్నాను. ఆ పెద్దమనిషియు తన పలక చెడిపోగా మొన్న వచ్చి, తలవంచుకొని పట్టుకొనిపోయెను.

నేడు సాయంకాలము ప్రక్కయింటి బాలిక మూడవపాఠమును ముందిడుకొని కూర్చున్నది. మూడవవంతును ఆరవవంతును కలిపినచో సగము రావలెను గదా, యంత్రము తప్పు చెప్పుచున్నదని ఫిర్యాదు చేసినది. అక్కయ్య కండ్లజోడు సవరించుకొని, దాదాపు నలువదియేండ్లనాటి తన తప్పును వెదకుచున్నది.