వాడుకొనువాని హక్కు

ఒక మాటకు తెలుగు అడగడంతో ఈ టపా మొదలుపెడుతున్నాను. ‘రైట్ ఆఫ్ యూజర్’ అనే ఆంగ్ల పదబంధాన్ని మనం ఏమనాలి? మన బ్లాగుల్లో కొత్త పదాల కోసం వాదులాడుకొన్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ ఉత్సాహం నాకింకా చావలేదు. అయితే ఈ మాట నాకు నిఘంటువులో ఎదురుపడలేదు, మా ఉద్దానంలో ఒక జీడితోట గట్టు మీద ఎదురుపడింది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా తీరాన్ని తాకిన తరువాత, రెండు మూడేళ్లకు జరిగిన సంగతి ఇది. ఒకనాటి ఉదయం నా పూర్వ విద్యార్థి ఒకడు సైకిలు మీద వచ్చాడు. ఏడో తరగతితో చదువు మానినవాడు, ఇప్పుడు ముగ్గురు పిల్లల తండ్రి. వరండాలో కూర్చోమన్నా కూర్చోలేదు. చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి, “మాస్టారూ, ఇదేటో సదివి సెప్పండి. గేసు లైనంటున్నారు, నాకేటీ తెలవడం నేదు” అన్నాడు.

అది కేంద్ర ప్రభుత్వ గెజిట్ ప్రకటనలో ఒక పుట. 1962 నాటి పెట్రోలియం, ఖనిజాల పైపులైన్ల చట్టం కింద, భూమిలో ‘రైట్ ఆఫ్ యూజర్’ పొందదలచినట్లు అందులో ఉంది. కింద గ్రామం పేరు, సర్వే నంబర్లు, వాటి ఎదుట విస్తీర్ణం. అతని నంబరు ఎదుట 0-12-40 అని ఉంది.

“పన్నెండు సెంట్లే గదా మాస్టారూ” అన్నాడు, కొంచెం ధైర్యం తెచ్చుకొంటూ.

నేనూ ముందు అలాగే అనుకొన్నాను. తీరా పట్టిక తలకట్టు చూస్తే అది హెక్టార్లు, ఆర్లు, సెంటీఆర్లలో ఉంది. మనకు తెలిసిన సెంటు వేరు, సెంటీఆరు వేరు. సెంటీఆరంటే ఒక చదరపు మీటరు. ఆరు అంటే నూరు చదరపు మీటర్లు. మన సెంటు నలభై చదరపు మీటర్లకు కొంచెం ఎక్కువ. అంటే ఆ పన్నెండు ఆర్ల నలభై సెంటీఆర్లు మన లెక్కలో ముప్పై సెంట్ల పైచిలుకు. అతనికి ఉన్నదే ఎకరం ఇరవై సెంట్లు. నాలుగో వంతు. కాగితం వెనుక ఆ లెక్క వేసి చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు.

తరువాత ఇద్దరం తోటకు వెళ్లాం. తిత్లీలో అతని పాత చెట్లన్నీ వేళ్లతో సహా ఒరిగిపోయాయి. మరుసటి ఏడాది తిరిగి మొక్కలు నాటాడు. ఎనిమిది మీటర్ల ఎడం చొప్పున లెక్కిస్తే పైపులైను పోయే పట్టీలో పంతొమ్మిది మొక్కలు. అప్పటికి నడుమెత్తు పెరిగాయి. జీడిచెట్టు మూడు నాలుగేళ్లకు కాపు మొదలుపెట్టినా, సంసారాన్ని నిలబెట్టేటంత పిక్క రాల్చడానికి ఇంకా ఏళ్లు పడుతుంది.

చట్టం తెలుసుకొందామని టెక్కలిలో ఒక న్యాయవాది మిత్రుని దగ్గరకు వెళ్లాను. ఆయన ఓపికగా విప్పి చెప్పాడు. ఈ చట్టం భూమిని తీసుకోదు. పట్టా రైతు పేరనే ఉంటుంది. నేలకింద గొట్టం వేసుకొని, దానిని చూసుకొంటూ ఉండే హక్కు మాత్రం తీసుకొంటుంది. గొట్టం పైభాగం నేలమట్టానికి కనీసం ఒక మీటరు లోతున ఉండాలి. నివాస స్థలాల కింద, అప్పటికే శాశ్వత కట్టడం ఉన్న చోట వేయరాదు. పని ముగిశాక రైతు తన నేల తాను దున్నుకోవచ్చు. అయితే తొమ్మిదో సెక్షను ప్రకారం ఆ పట్టీలో మూడు పనులు నిషిద్ధం: ఇల్లు గాని కట్టడం గాని కట్టరాదు, చెరువు, నుయ్యి, జలాశయం, ఆనకట్ట తవ్వరాదు, కట్టరాదు, చెట్టు నాటరాదు.

నష్టపరిహారం రెండు విధాలు. తొలగించిన చెట్లకు, పంటకు, జరిగిన నష్టానికి ఒకటి. వాడుకొనే హక్కు కోసం, ఆ నేల మార్కెట్టు విలువలో నూటికి పది వంతులు మరొకటి. అభ్యంతరం ఉంటే 21 రోజులలో తెలపాలి. పరిహారం మొత్తం నచ్చకపోతే జిల్లా న్యాయమూర్తిని ఆశ్రయించవచ్చు.

ఇదంతా తిరిగివచ్చి అతనికి చెప్పాను. విని, పాఠం అప్పజెప్పినంత నిదానంగా అన్నాడు: “బూమి తీసుకోరట. సెట్టు మాత్రం ఎయ్యొద్దట. సెట్టు నేని బూమి నాకేటికి మాస్టారూ?”

ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పినవాణ్ని. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. ‘ఉద్దానం’ అన్న మాట ‘ఉద్యానం’ నుండి వచ్చిందని పెద్దలు చెబుతారు. జీడి, కొబ్బరి, పనస, మామిడి: చెట్టే ఇక్కడి పైరు. వరి పండే నేల మీదుగా గొట్టం పోతే, మరుసటి కారుకు రైతు మళ్లీ దమ్ము పట్టి నాటు వేసుకొంటాడు. అతనికి ఆ నూటికి పది వంతులు న్యాయంగానే తోచవచ్చు. ఉద్దానంలో అదే గొట్టం పోతే, ఆ పట్టీ మటుకు ఉద్దానం ఉద్దానం కాకుండా పోతుంది. చట్టం ఒక్కటే, నేలలు వేరు.

చెట్టు వద్దనడంలో కక్ష ఏమీ లేదు. లోతుగా దిగే వేళ్లు గొట్టం మీది పూతను దెబ్బతీస్తాయి. లోపల ఏదైనా జరిగితే పైనుండి తవ్వి అందుకొనే దారి ఉండాలి. జాగ్రత్త ఎంత అవసరమో మన తెలుగు నేలకు వేరే చెప్పనక్కరలేదు. 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి బావిలో మంటలు ఎగసి, అరవై రోజులకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున అదే కోనసీమలో, నగరం గ్రామంలో, గొట్టం నుండి కారిన వాయువు అంటుకొని ఇరవై మందికి పైగా మరణించారు. ఆ ఊరి పేరు విన్నవాడెవడూ గొట్టం మీద చెట్టు పెట్టుకొంటానని మొండికేయడు. నా శిష్యుడూ వేయలేదు. అతని ప్రశ్న వేరు: ఆ జాగ్రత్తకు అయ్యే ఖర్చు ఎవరి ఖాతాలో పడాలి?

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. కృష్ణా-గోదావరి బేసిన్ సముద్రగర్భంలో 2002లో పెద్ద వాయు నిక్షేపం బయటపడింది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. ఆ వాయువు కోసం కాకినాడ తీరం నుండి గుజరాత్‌లోని భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్ల పైపులైను అంతకుముందే సిద్ధమై ఉంది. మన కడలిలో పుట్టినది మన పొలాల కిందుగా పడమటికి వెళ్లింది. తరువాత కొద్ది ఏళ్లకే ఆ క్షేత్రంలో ఉత్పత్తి పడిపోతే, ఆ వాయువును నమ్ముకొని కట్టిన ఆంధ్ర విద్యుత్కేంద్రాలు ఇంధనం లేక మూతపడి ఉండడం మనమంతా చూశాం.

ఇప్పుడు ఆ వాయువుకు ఉత్తరపు దారి. కాకినాడ నుండి శ్రీకాకుళానికి ఒక మార్గం తలపెట్టారు. శ్రీకాకుళం నుండి ఒడిశాలోని అంగుల్ దాకా వేసే మార్గానికి 2019లో గెయిల్ సంస్థకు అనుమతి లభించింది. అంగుల్ దగ్గర అది ఉత్తర భారతం నుండి వచ్చే జగదీశ్‌పూర్-హల్దియా మార్గపు శాఖను కలుస్తుంది. ఒడిశా తీరంలోని ధామ్రాలో, ఓడల మీద వచ్చే ద్రవ వాయువును దించుకొనే కేంద్రం 2023లో పని మొదలుపెట్టింది. కాబట్టి రేపు ఈ మార్గంలో వాయువు మన సముద్రం నుండి ఉత్తరానికి పోవచ్చు, పరాయి దేశం నుండి వచ్చినది దక్షిణానికీ రావచ్చు. ఇది కాక, పారాదీప్ నుండి హైదరాబాదుకు పెట్రోలు, డీజిలు తీసుకుపోయే ఇండియన్ ఆయిల్ వారి 1,212 కిలోమీటర్ల మార్గం కూడా ఈ తూర్పు తీరం వెంబడిదే. మహేంద్రగిరికీ బంగాళాఖాతానికీ నడుమ ఇరుకు నేల మాది. హౌరా-చెన్నై రైలు, జాతీయ రహదారి, ఇప్పుడు ఈ గొట్టాలు, అన్నీ ఈ సందులోంచే పోవాలి.

అలాగని గ్యాసు వద్దనేవాణ్ని కాను. అలా అనే హక్కు మా ప్రాంతానికి లేదేమో కూడా. 2010 జూలై 14న సోంపేట బీల భూముల్లో బొగ్గు విద్యుత్కేంద్రం వద్దని నిలిచిన జనం మీద కాల్పులు జరిగాయి. ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని అప్పీలు సంస్థ రద్దు చేసినదీ ఆ రోజే. 2011 ఫిబ్రవరి 28న టెక్కలికి చేరువలోని కాకరాపల్లి తంపర భూముల దగ్గర మళ్లీ కాల్పులు. రెండు చోట్లా ప్రాణాలు పోయాయి. బొగ్గు పొగ వద్దన్న వాళ్లం, బొగ్గు కన్నా తక్కువ పొగతో మండే ఇంధనానికి దారే ఇవ్వమంటే మాటకు పొందిక ఉండదు. దారి ఇవ్వవలసిందే. ఆ దారిలో మాకో మలుపు ఉండాలన్నదే నా మాట.

మలుపు అంటే ఏమిటో రెండు ఉదాహరణలు చెబుతాను. నౌపడా నుండి పర్లాకిమిడికి 1900లో పర్లాకిమిడి రాజావారు సన్నగేజి రైలుమార్గం వేయించారు. ఆ చిన్న బండి దారిలోని ఊళ్లలో ఆగుతూ పోయేది. సంతకు పోయే గంప దానిలో ఎక్కేది. రెండవది మంచినీటి పైపు. మూత్రపిండాల జబ్బుతో ఉద్దానం ఎన్ని ఇళ్లు పోగొట్టుకొన్నదో మీరు పత్రికల్లో చదివే ఉంటారు. హిరమండలం జలాశయం నుండి వంశధార నీటిని ఉద్దానానికి తెచ్చే 700 కోట్ల రూపాయల పథకాన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. అదీ నేలకింద వేసిన గొట్టమే. దాని కొసన మాత్రం మా వీధి కుళాయి ఉంది.

గ్యాసు గొట్టానికి మా దగ్గర కుళాయి ఏది? పలాస-కాశీబుగ్గలో జీడిపిక్కల కార్ఖానాలు వందల సంఖ్యలో ఉన్నాయి. పిక్కను ఆవిరిలో ఉడికించాలి, కొట్టి తీసిన పప్పును వేడి గదిలో ఆరబెట్టాలి, అప్పుడు గాని పైపొర ఊడదు. అడుగడుగునా నిప్పు కావాలి. బాయిలర్లలో పిక్కల తొక్కలు, కట్టెలు మండుతాయి. పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులకు జీడి నూనె నలుపు, గొంతులో ఆ పొగ ఘాటు. ఊరికి చేరువగా పోయే మార్గం నుండి ఒక చీలిక ఈ కార్ఖానాలకు వస్తే, పలాస జీడిపప్పు తినే దేశమంతా మాకు కొంచెం రుణం తీర్చుకొన్నట్టే. గెజిట్ పట్టికలో ఎకరాలూ సెంట్లూ కూడా ఒక వరుసలో అచ్చువేస్తే, సంతకం పెట్టేవాడికి తాను దేని మీద పెడుతున్నాడో తెలుస్తుంది. తోట నేలకు పరిహారం కట్టేటప్పుడు, పీకిన మొక్క విలువతో పాటు ఇక ఎన్నటికీ నాటరాని చెట్టు విలువ కూడా లెక్కలోకి రావాలి. ఇవి గొంతెమ్మ కోరికలని నేననుకోను.

అభ్యంతర పత్రం నేనే రాశాను, తెలుగులో, గడువుకు తొమ్మిది రోజులుండగా. విచారణకు అతనితో పాటు వెళ్లాను. విన్నారు. మార్గం మారలేదు. మొక్కలకు, నేలకు చట్టం ప్రకారం రావలసింది వచ్చింది. ఆ డబ్బుతో ఇంటి పైకప్పు రేకులు మార్పించాడు. పట్టీలో ఒక ఏడాది ఉలవలు, ఒక ఏడాది చోడి చల్లుతున్నాడు. రెండు వైపులా జీడిచెట్లు ఇప్పుడు గుబురుగా ఎదిగాయి. నడుమ ఆ పట్టీ పాపిడి తీసినట్టు ఉంటుంది.

మళ్లీ మాట దగ్గరకు వస్తాను. ‘యూజర్’ అంటే వాడుకొనేవాడు అని భావించి, అభ్యంతర పత్రంలో నేను ‘వాడుకొనువాని హక్కు’ అని రాశాను. న్యాయవాది మిత్రుడు చూసి నవ్వాడు. న్యాయశాస్త్రపు ఆంగ్లంలో ‘యూజర్’ అంటే మనిషి కాదట, వాడకం అనే క్రియేనట. కాబట్టి ‘వినియోగపు హక్కు’ అనాలట. వ్యాకరణం తెలిసినవాణ్ని గనుక వెంటనే ఒప్పుకొన్నాను. కర్తృవాచకం అనుకొన్నది భావవాచకమైంది. ఆ మాటలో మనిషే లేడు.

అయినా పత్రంలో దిద్దలేదు. తప్పు అనువాదమే కావచ్చు. కాని ‘వాడుకొనువాడు’ అని ఉంటే, ఎవరా వాడుకొనువాడు అని ఎవరో ఒకరు అడిగే వీలుంటుంది. ఆ పట్టికలో మా ఊరివాళ్ల పేర్లు ఇచ్చేవాళ్ల వరుసలో ఉన్నాయి. వాడుకొనేవాళ్ల వరుసలో కూడా ఎక్కే రోజు కోసం ఆ మాటను అలాగే ఉంచాను.

ఇంతకన్న మంచి తెలుగు మాట మీలో ఎవరికైనా తోస్తే తెలియజేయగలరు. మనిషిని మాత్రం అందులోంచి తీసివేయవద్దని మనవి.