పగలంతా ఇంట్లో ఎవరుంటారు?

ఇళ్లలో గాలి, తేమ, గోడల రంగు, నీళ్లు పరీక్షించే పనిలోకి నేను కొత్తగా వచ్చాను. న్యూజెర్సీలో మనవాళ్లకు ఈ పని గురించి చెబితే, ఇల్లు కొనేముందు వచ్చి చూసే ఇన్‌స్పెక్టర్ అనుకుంటారు. ఆయన కప్పు కారుతోందా, ఫర్నేస్ ఎన్నేళ్లది, పునాది కుంగిందా అని చూస్తాడు. నేను ఆ ఇంట్లో మనుషులు ఏం పీలుస్తున్నారో, పసిపిల్లల చేతులకు ఏం అంటుకుంటోందో చూడాలి. అందుకే చెప్పులు విప్పి లోపలికి వెళ్లగానే ముందుగా అడిగేది, పగలంతా ఇంట్లో ఎవరుంటారని.

ఇది నాకు ఏ కోర్సులోనూ చెప్పలేదు. పరికరాలు ఎలా వాడాలో, నమూనా ఎలా తీయాలో, లెక్క ఎలా రాయాలో నేర్పారు. కొన్ని ఇళ్లు తిరిగాక తెలిసిందేమిటంటే, ఫోన్ చేసి పిలిచేవాళ్లూ ఫీజు కట్టేవాళ్లూ పొద్దున్నే ఆఫీసుకు వెళ్లిపోతారు. ఇంటి గాలి రాత్రీపగలూ పీల్చేది నేలమీద పాకే పిల్ల, వంటింట్లో నిలబడే మనిషి, ఊర్నుంచి వచ్చి ఆర్నెల్లుండే అమ్మానాన్నలు. వాళ్లెవరూ నన్ను పిలవరు. నా పని మాత్రం వాళ్లకోసమే.

రేడాన్ విషయంలో ఇది మరీ నిజం. నేలలోని యురేనియం క్షీణిస్తూ పోయే దారిలో పుట్టే వాయువు అది. రంగు లేదు, వాసన లేదు. అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు సిగరెట్ తర్వాత పెద్ద కారణం ఇదేననీ, ఏటా సుమారు 21,000 మంది దీనివల్ల చనిపోతున్నారనీ ఇక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ అంచనా. ఇళ్లలో ఇది ఇంత చేరుతుందని దేశమంతటికీ తెలిసింది 1984 డిసెంబరులో. పెన్సిల్వేనియాలోని లిమరిక్ అణువిద్యుత్ కేంద్రంలో పనిచేస్తున్న స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు మీద రేడియేషన్ అలారాలు మోగాయి. ఆ కేంద్రం అప్పటికింకా కరెంటు ఇవ్వడమే మొదలుపెట్టలేదు. ఆరా తీస్తే మూలం ఆయన ఇల్లని తేలింది. అక్కడ లీటరు గాలికి దాదాపు 2,700 పికోక్యూరీలు. 4 ఉంటేనే బాగుచేయించుకోమంటారు! ఆ ఇంటికింది రీడింగ్ ప్రాంగ్ రాతిపొర పెన్సిల్వేనియాతో ఆగదు, న్యూజెర్సీ ఉత్తర భాగం మీదుగా న్యూయార్క్ దాకా పోతుంది.

ఇక మన ఇళ్లకు వద్దాం. పైన పిల్లలకో గది, ఆఫీసు పనికో గది పోగా, అమ్మానాన్నల కోసం బేస్‌మెంట్‌లో కార్పెట్ వేయించి, బాత్రూమ్ కట్టించి, చక్కగా తయారుచేస్తారు. ప్రేమతోనే చేస్తారు. రేడాన్ కూడా పునాది పగుళ్లలోంచి, సంప్ గుంటలోంచి ముందు అక్కడికే వస్తుంది. చలికాలంలో ఇల్లు పొగగొట్టంలా పనిచేస్తుంది. వేడిగాలి పైనుంచి జారిపోతూ కిందినుంచి నేలగాలిని లాగుతుంది. తలుపులూ కిటికీలూ ఎలాగూ మూసే ఉంటాయి.

అలాంటి గదిలో ఒక పెద్దావిడను అడిగాను, "ఇక్కడ ఎంతసేపు ఉంటారమ్మా?" అని.

"భోజనానికి తప్ప పైకెళ్లను తల్లీ. తెల్లారగట్ల సహస్రనామం పెట్టుకున్నా ఎవరికీ అడ్డుండదు ఇక్కడ."

కొడుకు అప్పటిదాకా ఆ గదిని అతిథుల గది అనే చెబుతున్నాడు. ఆవిడ మాట విని ఊరుకుండిపోయాడు. మిషన్‌ను ఆవిడ మంచం ఎత్తున, గోడకూ హీటర్ గాలికీ దూరంగా పెట్టాను. పన్నెండు గంటల ముందునుంచే కిటికీలన్నీ మూసి ఉంచమన్నాను. పరీక్ష 48 గంటలకు తగ్గకూడదు. రీడింగ్ 4 దాటింది. స్లాబు కిందనుంచి గాలిని లాగి ఇంటికప్పు పైన వదిలే గొట్టం, దానికో ఫ్యాను పెట్టించారు. గొట్టానికి యు ఆకారంలో చిన్న నాళం తగిలిస్తారు, అందులో రంగు ద్రవం ఉంటుంది. రెండు వైపులా ద్రవం ఎగుడుదిగుడుగా ఉంటే ఫ్యాను లాగుతున్నట్టు, సమంగా నిలిస్తే ఆగినట్టు. నేను ఇది కొడుక్కి కాదు, వాళ్ల నాన్నగారికి చూపించాను. ఆయన ఆ రోజే కళ్లజోడు పెట్టుకుని గీత దగ్గర మార్కరుతో గుర్తు పెట్టుకున్నారు.

సీసానిది మరో దారి. 1978కి ముందు కట్టిన ఇళ్లలో రంగు అడుగుపొరల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. గోడమీద రంగు గట్టిగా ఉన్నంతకాలం పెద్ద చిక్కు లేదు. పాత కిటికీని పైకీ కిందికీ జరిపినప్పుడల్లా రంగు అరిగి దుమ్ము రాలుతుంది. పాకే పిల్ల చేయి ఆ దుమ్ముమీద పడుతుంది, అదే చేయి నోట్లోకి పోతుంది. మన ఇళ్లలో నేను కుంకుమభరిణె కూడా అడిగి చూస్తాను. ఇక్కడి దుకాణాల్లోనూ ఇండియాలోనూ కొన్న సిందూరం పరీక్షించి, చాలా నమూనాల్లో సీసం ఉందని 2017లో రట్గర్స్ పరిశోధకులు ప్రచురించారు. ఇది చెప్పడం కష్టమే. ముత్తైదువ ముఖాన బొట్టు గురించి పరాయి మనిషి మాట్లాడితే ఎవరికైనా చివుక్కుమంటుంది. బొట్టు మానమని నేను అనను. ఆ పొడి రాలే చోట పిల్లను పడుకోబెట్టొద్దంటాను, సీసం లేదని పరీక్షించిన కుంకుమ తెచ్చుకోమంటాను.

వంటిల్లు తొందరగా తేలిపోతుంది. బయటికెళ్లి చిమ్నీ గొట్టం గోడలోంచి వచ్చిందో లేదో చూస్తే చాలు. చాలా ఇళ్లలో రాదు. పొయ్యిమీది ఫ్యాను జిడ్డు మాత్రం వడగట్టి, ఎండుమిరపకాయల పోపు ఘాటునూ గ్యాసు మంటలో పుట్టే నైట్రోజన్ డయాక్సైడునూ మళ్లీ అక్కడే వదులుతుంది.

ఈ పనిలోకి రావాలనుకునేవాళ్లు నన్ను ముందు లైసెన్సుల గురించి అడుగుతారు. న్యూజెర్సీలో రేడాన్ కొలిచే పనికి రాష్ట్ర ధ్రువీకరణ తప్పనిసరి, సీసానికీ శిక్షణ, పరీక్ష, అనుమతి ఉన్నాయి. బూజు పరీక్షకు ఇక్కడ రాష్ట్ర లైసెన్సు లేదు. భయపెట్టి బతికేవాళ్లు అక్కడే ఎక్కువ చేరారు. ఉచితంగా చూస్తామని వచ్చి, నాలుగు నమూనాలు తీసి, శుభ్రం చేసే కాంట్రాక్టు కూడా తమకే ఇమ్మంటారు. న్యూయార్క్‌లో 2016 నుంచి ఒకే ఇంట్లో పరీక్షా, శుభ్రం చేసే పనీ ఒక్కరే చేయకూడదని చట్టం ఉంది. అది ఇక్కడా రావాలి. నేను బాగుచేసే పని పెట్టుకోలేదు, పెట్టుకోను. ముక్కిపోయిన వాసన వస్తోందని పిలిస్తే, ముందు వానగొట్టం నీళ్లు పునాదిలోకి పోతున్నాయేమో ఇంటిచుట్టూ తిరిగి చూస్తాను. తడి ఆగకుండా బూజు ఏ జాతిదో తెలుసుకుని లాభం లేదు. గొట్టాన్ని దూరంగా మళ్లిస్తే సరిపోయే ఇంటికి నమూనాలు అక్కర్లేదని రాసిచ్చి, వచ్చి చూసినందుకు ఫీజు మాత్రం తీసుకుంటాను.

ఈ పనిలోకి రావాలనుకునేవాళ్లను, చదువు మొదలుపెట్టేలోపు ఒక పని చేసి చూడమంటాను. రేడాన్ కిట్ హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది, పెద్ద ఖరీదు కాదు. జనవరిలో కొన్ని ఊళ్ల ఆరోగ్యశాఖలు ఊరికే ఇస్తాయి కూడా. దాన్ని మీరు పడుకునే గదిలో కాదు, అమ్మానాన్నలు వచ్చినప్పుడు దిగే గదిలో పెట్టండి.