పది రోజుల రిటర్న్ పాలసీ, నాలుగేళ్ళ మామిడంటు

నర్సీపట్నం అంటే చాలామందికి లంబసింగి వెళ్ళేదారిలో టీ తాగడానికి ఆగే ఊరు. డిసెంబరొస్తే చాలు, మా ఆఫీసులో ఎవరో ఒకరు "మీది లంబసింగి పక్కనే కదా, మీకేం బాబూ, ఊళ్ళోనే ఊటీ" అంటారు. పక్కనే, కాదనను. ముప్పై కిలోమీటర్లు ఉంటుందేమో. కానీ మధ్యలో ఘాట్ రోడ్డు ఒకటుంది, అసలు తేడా అంతా అక్కడే ఉంది.

లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది. మా ఊరు 100 మీటర్లు కూడా లేదు. కిలోమీటరు ఎత్తుకి వెళితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని ఇంటర్ ఫిజిక్సులో చదువుకున్నాం. అందుకే పైన స్ట్రాబెర్రీ తోటలు, వాటి ముందు సెల్ఫీలు. కింద మాకు జీడిమామిడి, చెరుకు, ఉక్కపోత. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు మేము అనకాపల్లి జిల్లాలోకి, లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి పోయాం. జిల్లాలు విడిపోయింది ఆరోజే కానీ, మొక్కల లెక్కలో మేం ఎప్పుడూ ఒక జిల్లా కాదు!

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే.. ఈమధ్య మా వాళ్ళందరికీ మొక్కల పిచ్చి పట్టుకుంది. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో మొదలైంది, ఆఫీసులకి రమ్మన్నా తగ్గలేదు. మంచిదే. కానీ అందరూ ఫోన్లోనే కొంటున్నారు. ఆపిల్ మొక్క, స్ట్రాబెర్రీ మొక్క, "అన్ని కాలాల్లో పూసే" చామంతి.. బుక్ చేస్తే మూడో రోజుకి అట్టపెట్టెలో వచ్చేస్తుంది. ఆ యాప్ మన పిన్‌కోడ్ కూడా అడుగుతుంది. అయితే డెలివరీ ఛార్జీ లెక్కకట్టడానికి మాత్రమే! ఈ పిన్‌కోడ్‌లో ఈ మొక్క బతుకుతుందా, ఈ నెలలో వెయ్యొచ్చా అన్నది ఆ ఫామ్‌లో ఉండదు. మనం డేట్ ఫార్మాట్ దగ్గర కూడా లొకేల్ చూసుకుని కోడ్ రాస్తాం. ప్రాణమున్న మొక్కకి మాత్రం దేశమంతా ఒకటే సెట్టింగు.

మా ఊళ్ళో ఆ లొకేల్ సెట్టింగు ఒక మనిషి. రోడ్డు పక్కన అద్దె స్థలంలో, గ్రీన్ నెట్టు కింద చిన్న నర్సరీ నడుపుతాడు. మా అమ్మని "అక్కా" అంటాడు, నన్ను "బాబూ" అంటాడు. నాకు తెలిసి నర్సీపట్నంలో సరుకు వద్దని కస్టమర్‌ని వెనక్కి పంపించే వ్యాపారి ఈయనొక్కడే.

మే నెలాఖర్లో అమ్మ సువర్ణరేఖ అంటు కావాలని వెళ్ళింది. సువర్ణరేఖ మా విశాఖ వైపు పుట్టిన మామిడి లెండి, మాకు బంగినపల్లి కంటే అదే ముద్దు. మొక్క ఆయన దగ్గరుంది. అమ్మ చేతిలో డబ్బులూ ఉన్నాయి. "ఇప్పుడేటక్కా వేస్తావు, రోహిణి ఎండలు. మృగశిర రానీ, నాలుగు వానలు పడ్డాక పట్టుకెళ్ళు. అందాకా నేనే తడుపుతాను" అన్నాడు. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో వస్తుంది, మృగశిర జూన్ 8 ప్రాంతంలో. కార్తె అంటే పదమూడు, పద్నాలుగు రోజులే కదా, ఆ తేడాలోనే లేత వేరు మాడిపోవడమో పట్టుకోవడమో తేలిపోతుంది. మా తాతగారు కార్తెలు చెప్తుంటే చిన్నప్పుడు నవ్వుకునేవాళ్ళం. నిజానికి అది 27 స్లాట్లుగా కోసిన క్యాలెండర్, మన ఆఫీసులో రెండు వారాల స్ప్రింట్‌కి దగ్గరదగ్గరగా ఉంటుంది.

చామంతి సంగతి ఇంకా బాగుంటుంది. చామంతి మొగ్గ తొడగాలంటే రాత్రి పొడుగ్గా ఉండాలి. అందుకే ఆషాఢంలో పిలకలు నాటితే, పగళ్ళు తగ్గుతూ వచ్చాక మొగ్గేసి, కార్తీకం నుంచి సంక్రాంతి దాకా పూస్తుంది. మా పక్కింటి వాళ్ళ చామంతులు ఆకులు వేసుకుంటూ ఏపుగా పెరిగాయి కానీ పూత లేదు. వాళ్ళు ఎరువులు మార్చారు, మందులు కొట్టారు. ఈయన సాయంత్రం అటుగా వెళుతూ ఒక చూపు చూసి, "కుండీలు వీధిలైటు కింద పెట్టీసేరు. రాత్రనేది తెలియకపోతే అదేటి పూస్తాది?" అన్నాడు. కుండీలు పెరటివైపుకి మార్చారు, పూసాయి. పైసా తీసుకోలేదు. ఎల్ఈడీ వీధిదీపం ఏ ఇంటిముందు ఉందో తెలియాలంటే ఆ వీధిలో నడిచే మనిషే కావాలి.

కాలీఫ్లవరూ అంతే. విత్తనం ప్యాకెట్ మీద "కాలీఫ్లవర్" అని రాసి పువ్వు బొమ్మ వేస్తారు. అసలు అందులో ముందస్తు రకాలు, మధ్యస్థం, ఆలస్యపు రకాలు అని ఉంటాయి. ముందస్తువి 20 నుంచి 27 డిగ్రీల వేడిలో కూడా పువ్వు కడతాయి. ఆలస్యపు రకాలకి అంతకంటే బాగా చల్లబడాలి. రెండోరకం తెచ్చి నర్సీపట్నంలో వేస్తే ఆకుకూర పండుతుంది! పైన లంబసింగిలో పనికొచ్చే ప్యాకెట్టు కింద మాకు పనికిరాకపోవచ్చు. ఈయన ట్రేలో నారు పోసి అమ్మేది మాకు పనికొచ్చే రకమే. మిగతాది పెట్టడు, అంతే.

ఇక ఆపిల్. హిమాచల్ ప్రదేశ్ రైతు హరిమన్ శర్మ గారు చలి తక్కువున్న చోట కూడా కాసే హెచ్ఆర్ఎంఎన్-99 అనే రకం వృద్ధి చేశారు, ఆయనకి 2025లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. గొప్ప పని, సందేహం లేదు. కానీ ఆ పేరు పట్టుకుని ఎవరెవరో ఏవేవో మొక్కలు ఆన్‌లైన్లో అమ్మేస్తున్నారు. మా నర్సరీలో అడిగితే వచ్చిన జవాబు: "ఈ ఊళ్ళో ఎవరింట్లోనన్నా కాసింది నా కంటితో చూస్తే, అప్పుడు తెస్తాను." మన టీముల్లో ఎంతమందికి ఉంది ఈ రిలీజ్ క్రమశిక్షణ?

సరే, "ఆయన మాత్రం సొంతంగా పెంచుతున్నాడా, కడియం నుంచి తెచ్చి అమ్మడమే కదా" అంటారని తెలుసు. నిజమే, ఎక్కువభాగం కడియం నుంచే వస్తాయి. రాజమండ్రి పక్కన కడియం, కడియపులంక నర్సరీల నుంచి దేశం నలుమూలలకీ లారీల్లో మొక్కలు వెళుతుంటాయి. మన ఇళ్ళల్లో సగం గులాబీలు అక్కడివే. కానీ గోదావరి వండ్రు మట్టి ముద్దలో, నీడలో, చేతినిండా నీళ్ళతో పెరిగిన మొక్క అది. వంద కిలోమీటర్ల పైచిలుకు లారీలో ఊగుతూ వచ్చి, మా ఎర్రనేలలో, డాబా మీద ఎండలో నిలబడాలి. కడియంలో పూసింది కాబట్టి ఇక్కడ పూస్తుందనుకోవడం "నా మెషీన్లో పనిచేస్తోంది" అనే డెవలపర్ మాట లాంటిది. మధ్యలో స్టేజింగ్ ఉండాలి. మా నర్సరీ ఆ స్టేజింగ్. మొక్కని రెండు మూడు వారాలు మా నీళ్ళతో, మా గాలిలో ఉంచుతాడు. మెల్లగా నెట్టు నీడ నుంచి ఎండలోకి జరుపుతాడు. ఈలోగా చచ్చినవి ఆయన ఖాతాలో చచ్చినట్టు. బతికినవి మన ఇంటికొస్తాయి. ఎనభై రూపాయల గులాబీలో చచ్చిన మొక్క ఖరీదు కూడా కలిసి ఉందన్నమాట.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆన్‌లైన్ అంతా చెడ్డదనడంలేదు. కొబ్బరిపొట్టు ఇటుకలు, డ్రిప్ పైపులు, మంచి కత్తెర, ఇక్కడ దొరకని విత్తనాలు.. ఇవన్నీ నేనూ ఫోన్లోనే తెప్పిస్తాను. వాటికి కాలంతో పనిలేదు. అలాగే ఊరి నర్సరీలన్నీ సత్యహరిశ్చంద్రుడివని కూడా అనను. చాలాచోట్ల మొక్కకి పేరు చీటీ ఉండదు, బిల్లు అడిగితే వింతగా చూస్తారు. ఉద్యాన నర్సరీల రిజిస్ట్రేషన్‌కి మన రాష్ట్రంలో 2010లోనే చట్టం వచ్చింది. పండ్ల మొక్క కొనేటప్పుడు రిజిస్ట్రేషన్ ఉందా, ఏ తల్లిచెట్టు నుంచి కట్టిన అంటు అని అడగడం మన హక్కు. మా ఆయన్నీ అడుగుతాను, అడిగితే విసుక్కుంటాడు, కానీ చెప్తాడు.

నా వాదన అసలు ఆన్‌లైనా, పక్కవీధా అన్నది కాదు. వీధిలోకి వ్యానులో గులాబీలు వేసుకొచ్చి మైకులో అరిచి అమ్మేవాళ్ళు ఆన్‌లైన్ కాదు కదా, కానీ రేపు ఏ ఊళ్ళో ఉంటారో తెలీదు. వాళ్ళకీ యాప్‌కీ పెద్ద తేడాలేదు. ఫోను కొంటే బాగుందో లేదో పదిరోజుల్లో తెలిసిపోతుంది, అందుకే పది రోజుల రిటర్న్ సరిపోతుంది. అంటుమామిడి కాపుకి రావాలంటే మూడు నాలుగేళ్ళు పడుతుంది. మాకు తెలిసిన ఒకాయన బంగినపల్లి అని తెప్పించుకున్న మొక్క కాపుకొచ్చాక చూస్తే పీచుకాయ. ఎవర్ని అడుగుతాడు? ఆ ఆర్డరు లింకు కూడా తెరుచుకోవట్లేదు. మొక్క విషయంలో బగ్ బయటపడేది నాలుగో వేసవిలో! అప్పటికి అమ్మినవాడు అదే రోడ్డు మీద, అదే ఎండలో, మనం తిట్టడానికి అందుబాటులో ఉండాలి. మొక్కకి ఉన్న వారంటీ అదొక్కటే. అక్కడే ఉండాల్సినవాడు అబద్ధం చెప్పడానికి కాస్త భయపడతాడు.

ఇప్పుడు అదే కష్టంగా ఉంది. నర్సరీ ఉన్న స్థలం ఆయనది కాదు. ఊరి చివర లేఅవుట్లు పడుతున్నాయి, రోడ్డు పక్క గజం ధర ఏ మొక్కలు అమ్మినా వచ్చేది కాదు. స్థలం ఓనరు సంక్రాంతి దాకా చూసుకోమన్నాడట. ఓనరు తప్పేమీ లేదు, ఆయన పిల్లల చదువులు ఆయనకున్నాయి. ఇంకా లోపలికి వెళ్ళిపోతే జనం రారని ఈయన దిగులు. "సలహాకి వస్తారు బాబూ, మొక్క మాత్రం ఫోన్లో తెప్పించుకుంటారు. ఆకు పట్టుకొచ్చి చూపిస్తారు, ఏ మందు కొట్టాలని" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. 2024లో ఎక్స్‌జెడ్ లైబ్రరీ గొడవ గుర్తుందిగా? ప్రపంచంలో సగం సర్వర్లు వాడుకునే కోడు, అలిసిపోయిన ఒక్క మనిషి చేతిలో ఉందని తెలిసి అందరం నోరెళ్ళబెట్టాం. అప్పుడు "ఓపెన్ సోర్స్‌కి డబ్బులివ్వాలి" అని పెద్ద పెద్ద మాటలు చెప్పుకున్నాం. మన ఊళ్ళో ఉచితంగా సలహా చెప్పే మనిషి దగ్గర ఎనభై రూపాయల మొక్కకి అరవై ఇస్తానని బేరమాడతాం.

నా మట్టుకు నాకు ఇందులో స్వార్థం ఉంది. నేను నెలలో ఎక్కువ రోజులు హైదరాబాదులోనే ఉండాలి ఇప్పుడు. డాబా మీద కుండీలన్నీ అమ్మవే. మొక్క నేను ఫోన్లోంచి పంపగలను, మనిషిని పంపలేను. మార్గశిరం దగ్గరపడేసరికి ఆయన గేటు దగ్గర నిలబడి "అక్కా, మల్లెకి ఆకు దూసీసేవా? కొమ్మలు కత్తిరించీ, లేకపోతే వేసవికి పువ్వుండదు" అని గుర్తుచేస్తాడు. ఆ మాటలో ఆయన అమ్మింది ఏమీ లేదు. కానీ మార్చిలో అమ్మ ఫోన్ చేసి "ఇవాళ రెండు మూరలొచ్చాయిరా" అన్నప్పుడు ఆ గొంతులో ఉండే సంతోషం ఎక్కడ కొనాలో నాకు తెలియదు.

కాబట్టి నాదొక చిన్న విన్నపం. మీది నర్సీపట్నమే కానక్కర్లేదు. ఈ కాలంలో ఒక్క మొక్కయినా మీ ఊరి నర్సరీలో కొనండి. ధర అడిగే ముందు "ఇది ఇప్పుడు వెయ్యొచ్చా?" అని అడగండి. "అన్నీ ఎప్పుడైనా వెయ్యొచ్చు సార్" అంటే ఇంకో చోట చూసుకోండి. "ఇప్పుడొద్దు, ఫలానా నెలలో రండి" అన్నాడనుకోండి, ఆ కొట్టుని వదలకండి. ఆ ఫలానా నెలలో గుర్తుపెట్టుకుని మళ్ళీ వెళ్ళండి, బేరమాడకుండా కొనండి. అన్నట్టు, మా సువర్ణరేఖ అంటు జూన్‌లో నాటాం, రెండు కొత్త చిగుళ్ళు వేసింది. కాయ రుచి ఎలా ఉందో చెప్పాలంటే ఇంకో నాలుగేళ్ళు ఆగాలి. అప్పటికి ఆ నర్సరీ ఎక్కడుంటుందో మరి.