నూన్ లేని కీర్తన

జులై 6, ఆదివారం

వచ్చే ఆదివారం కుటుంబ ప్రార్థన మా ఇంట్లోనే. వాక్యం మీరే చెప్పండి మాస్టారూ, 145వ కీర్తన, అన్నారు అయ్యగారు. సరేనన్నాను గానీ స్తుతి కీర్తనలంటే నాకు కాస్త జంకు. ఏడుపు కీర్తనల్లో మనిషి కనిపిస్తాడు. వీటిలో విశేషణాలే.

జులై 7, సోమవారం

తెల్లవారుజామున అమ్మ పంపు దగ్గర పడింది. ఎముక విరగలేదు, మణికట్టు వాచింది. ఎనభై నాలుగేళ్ల మనిషికి చీకట్లో బిందె ఎందుకు? "నన్ను లేపితే నీ సొమ్మేం పోయింది?" అని అరిచాను. వీధి చివరిదాకా వినబడి ఉంటుంది. తను మాత్రం గచ్చు మీద కూర్చునే, చెంగుతో మోకాలు తుడుచుకుంటూ, "బిందె సొట్టపోయిందేమో చూడరా" అంది.

జులై 9, బుధవారం

నాకు హీబ్రూ రాదు. వ్యాఖ్యానాలు ముందేసుకుని కూర్చున్నాను. ఎనిమిదో వచనంలో మన బైబిలు 'దీర్ఘశాంతుడు' అన్నచోట హీబ్రూలో అక్షరాలా ఉన్నది 'పొడుగు ముక్కువాడు' అని! ఆ భాషలో 'అఫ్' అంటే ముక్కు, కోపమూ అదే. అంత పొడుగు ముక్కు వేడెక్కాలంటే ఆలస్యమవుతుంది కాబోలు. ముక్కుమీద కోపం అనుకునే మనవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఈ మాట కీర్తనకారుడు కల్పించింది కాదు. బంగారు దూడ గొడవయ్యాక సీనాయి కొండమీద మోషేకు వినబడింది, నిర్గమకాండం 34లో. 86, 103 కీర్తనలూ అక్కణ్ణుంచే తెచ్చుకున్నాయి. యోనా ఒక్కడే దాన్ని ఫిర్యాదుగా వాడాడు: నువ్విలాంటివాడివని, నీనెవెను వదిలేస్తావని నాకు ముందే తెలుసు, అని. యోనాది పొట్టి ముక్కు. నాదీ అంతే.

తొమ్మిదో వచనంలో 'కనికరం'. దాని హీబ్రూ మాటకీ, గర్భం అనే మాటకీ ధాతువు ఒకటే. కడుపుతీపి అని అనువదిస్తే పండితులు ఒప్పుకోరేమో గానీ మా స్త్రీల సమాజం ఒప్పుకుంటుంది.

జులై 11, శుక్రవారం

అమ్మ వాపు తగ్గింది. పసుపు పట్టు తీయనివ్వడం లేదు.

ఈ కీర్తన హీబ్రూ అక్షరమాల వరసలో నడుస్తుంది, ఒక్కో అక్షరానికి ఒక్కో వచనం. అక్షరాలు 22, వచనాలు 21. 'నూన్' అనే అక్షరానికి వచనం లేదు. 1956లో కుమ్రాను పదకొండో గుహలో బయటపడ్డ తోలుచుట్టలో నూన్ వచనం ఉంది. రాతగాడి చేతిలో జారిపోయిందేమోనని కొందరు పండితులు. యూదుల తల్మూదులో రబ్బీల లెక్క వేరు. పడిపోవడం అనే మాట నూన్‌తో మొదలవుతుంది, ఇశ్రాయేలు కూలిందని ఆమోసు ఏడ్చిన వచనమూ నూన్‌తోనే. అందుకని దావీదు ఆ అక్షరం జోలికి పోలేదట. పోకపోగా, ఆ తర్వాతి అక్షరంలో, పడిపోయేవాళ్లందరినీ దేవుడు పట్టి నిలబెడతాడని రాశాడట.

గుహలో దొరికింది సాక్ష్యమే, కాదనను. నాకు మాత్రం రబ్బీలే నచ్చారు. మూడో వచనంలో ఆయన గొప్పతనానికి అంతు దొరకదంటాడు. పద్నాలుగుకు వచ్చేసరికి ఆ అంతులేనివాడు నడుం వంచి ఎవరినో లేపుతున్నాడు. పంపు దగ్గర నేను ముందు అరిచి, తర్వాత వంగాను.

జులై 13, ఆదివారం

ముక్కు సంగతి చెబితే అయ్యగారితో సహా అందరూ నవ్వారు. పంపు దగ్గరి సంగతి చెప్పలేదు. అమ్మకు అక్షరాలు ఆనవు, కీర్తనంతా నోటికే అప్పజెప్పింది. ఇరవయ్యో వచనంలో దుష్టుల్ని నాశనం చేస్తాడని ఉందే, ఆ ముక్క దాటేసింది. మరిచిందో, కావాలనో. అడగలేదు.

రాత్రి రెండింటికి నిజంగానే లేపింది. దొడ్లోకి వెళ్లాలట. చెయ్యి పట్టుకోబోయాను.

"అది కాదురా, నొప్పి. నడుం దగ్గర పట్టుకో."