జోన్ పేజీ

2009 డిసెంబర్ 9

రాత్రి పదకొండు దాటింది. జిల్లా ఎడిషన్లు ప్రెస్సుకి వెళ్లిపోయాయి. సిటీ ఒక్కటే మిగిలింది. ఢిల్లీ నుంచి కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటన. తెలంగాణ రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుంది, శాసనసభలో తగిన తీర్మానం పెడతారు. కేసీఆర్ దీక్షకు ఇది పదకొండో రోజు.

ఫస్ట్ పేజీ ఆపించాం. డెస్కులో సగం మంది లేచి నిలబడ్డారు. మిగతావాళ్లు కూర్చునే ఉన్నారు. ఏళ్ల తరబడి ఒకే బల్ల దగ్గర పనిచేస్తున్నవాళ్లం. ఎవరిది ఏ ఊరో నాకు తెలియనివాళ్లు కూడా అందులో ఉన్నారు. ఇవాళ తెలిసింది.

డిసెంబర్ 10

రాజీనామాలు. కోస్తా, రాయలసీమ ఎమ్మెల్యేలు. కాంగ్రెస్, తెలుగుదేశం, ప్రజారాజ్యం. జాబితా పార్టీలవారీగా వేద్దామని మొదలుపెట్టి, జిల్లాలవారీగా మార్చాం. అలా అయితేనే అర్థమవుతోంది.

డిసెంబర్ 23

రెండో ప్రకటన. విస్తృత సంప్రదింపులు కావాలట. మొదటిదానికీ దీనికీ మధ్య పద్నాలుగు రోజులు. ఇప్పుడు రాజీనామాలు తెలంగాణ నుంచి.

గత నెలలో ఎల్బీ నగర్‌లో ఒంటికి నిప్పంటించుకున్న శ్రీకాంతాచారి ఫొటో ఇంకా సిస్టంలోనే ఉంది. డిలీట్ చేయడానికి ఎవరికీ చేతులు రావడం లేదు.

2011 జనవరి 6

కేంద్రం వేసిన శ్రీకృష్ణ కమిటీ నివేదిక బయటపెట్టారు. ఆరు మార్గాలు. మొదటి నాలుగూ ఆచరణకు పనికిరావని వాళ్లే రాశారు. ఆరోది మేలు: రాష్ట్రాన్ని కలిపే ఉంచి, తెలంగాణకు చట్టబద్ధమైన ప్రాంతీయ మండలి. అది కుదరకపోతే ఐదోది: హైదరాబాద్ రాజధానిగా తెలంగాణ.

విజయవాడ పేజీకి ఆరోది బ్యానర్. వరంగల్ పేజీకి ఐదోది. రెండూ నేనే పెట్టాను. రెండింట్లోనూ అబద్ధం లేదు. ఇంటికొచ్చినా నిద్ర పట్టలేదు.

2011 అక్టోబర్ 24

సకల జనుల సమ్మె ఆగింది. 42 రోజులు. ఆ మధ్యలో బడులు, బస్సులు, సింగరేణి గనులు, అన్నీ ఆగాయి. పక్క సీటు నల్గొండ తమ్ముడి తండ్రి ఆర్టీసీలో కండక్టర్. జీతం లేదు. బియ్యం ఊళ్లోవాళ్లు ఇచ్చారట. తమ్ముడు ఆ సంగతి వార్తగా రాయలేదు. టీ తాగుతూ నాతో చెప్పాడు, అంతే.

"నీ అభిప్రాయం ఏందన్నా?" అన్నాడు చివర్లో.

ఫోన్ మోగింది. తీశాను. జవాబు చెప్పలేదు.

2012 డిసెంబర్ 28

ఢిల్లీలో హోంమంత్రి షిండే అఖిలపక్షం. ఎనిమిది పార్టీలు. పార్టీకి ఇద్దరేసి రమ్మన్నారు. 2010 జనవరిలో చిదంబరం పిలిచినప్పుడూ ఇంతే.

టీఆర్‌ఎస్, బీజేపీ, సీపీఐ ఇవ్వమన్నాయి. సీపీఎం, మజ్లిస్ కలిపి ఉంచమన్నాయి. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఇవి మాటలు. కాంగ్రెస్ ఇద్దరూ రెండు రకాలుగా చెప్పి వచ్చారు. తెలుగుదేశం 2008 నాటి లేఖను గుర్తుచేసింది. వైఎస్సార్ కాంగ్రెస్ నిర్ణయం కేంద్రానిదే అంది.

ఆదిలాబాద్‌లో చెప్పిన మాటే అనంతపురంలోనూ చెప్పగలిగితే దాన్ని పార్టీ అనాలి. నాకు తెలిసింది ఇంతే.

2013 జూలై 30

కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తీర్మానం. పది జిల్లాల తెలంగాణ. పదేళ్లు హైదరాబాద్ ఉమ్మడి రాజధాని.

ఆఫీసు బయట టపాసులు. తెనాలి నుంచి అమ్మ ఫోను. "ఏరా, నువ్వు అక్కడే ఉంటావా, వచ్చేస్తావా?" ఇరవై రెండేళ్లుగా ఇక్కడున్నాను. ఇల్లు అద్దెదే, పిల్లలు మాత్రం ఇక్కడే పుట్టారు. ఉంటానన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, అన్నం తిన్నావా అంది.

ఆగస్టు 19

డెస్కులో మాటల పట్టిక. ఎవరూ రాసిపెట్టింది కాదు. వాడగా వాడగా స్థిరపడింది.

వరంగల్ పేజీలో ఆత్మబలిదానం. గుంటూరు పేజీలో ఆత్మహత్య. మొదటిదాంట్లో ఉద్యమకారులు, రెండోదాంట్లో ఆందోళనకారులు. అనంతపురం నుంచి ఈ నెలంతా 'విభజన వార్త విని గుండె ఆగి మృతి' అని వస్తోంది. కరీంనగర్ పేజీలోకి అది వెళ్లదు. నాలుగేళ్లుగా కరీంనగర్ పిల్లల చావులు అనంతపురం పేజీకి వెళ్లనట్టే.

ఎంతమంది పోయారన్న లెక్క ఒక్కో పార్టీ ఒక్కోలా చెబుతుంది. పేర్లు అడిగితే మాత్రం, ఏ జిల్లా పేర్లు ఆ జిల్లా విలేకరి నోట్‌బుక్‌లో ఉన్నాయి. అన్నీ ఒకచోట రాసిన కాగితం నాకు ఇంతవరకూ కనపడలేదు.

సెప్టెంబర్ 7

ఎల్బీ స్టేడియంలో ఏపీఎన్జీవోల సభ. అదే రోజు తెలంగాణ బంద్. ఆఫీసు బండి రాలేదు. నడిచి వెళ్లాను. ఒక బస్సులో శ్రీకాకుళం నుంచి వచ్చిన టీచరమ్మ కిటికీలోంచి అడిగింది, "బాబూ, ఇక్కడ మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయి?" కొట్లన్నీ మూసున్నాయి. నా సీసా ఇచ్చాను.

అక్టోబర్ 8

సీమాంధ్ర కరెంటు ఉద్యోగుల సమ్మె. విజయనగరంలో కర్ఫ్యూ. అమ్మకు రెండు రోజులుగా నీళ్లు లేవు, మోటారు తిరగడం లేదు. "రాష్ట్రం కోసం కదరా, పర్లేదు" అంది. ఆవిడ ఏ రాజకీయ సభకూ వెళ్లిన మనిషి కాదు.

డిసెంబర్ 13

రాష్ట్రపతి బిల్లును శాసనసభకు పంపారు. నాకు అనువాదం పని. రాజ్యాంగం మూడో అధికరణం దగ్గర ఆగాను. కొత్త రాష్ట్రం చేయడానికి సంబంధిత శాసనసభ 'అభిప్రాయాలు' తీసుకోవాలి. ఆమోదం అని లేదు. సమ్మతి అని లేదు. విలేకరి కాపీలో 'ఆమోదం కోసం' అని వచ్చింది. కొట్టేశాను. తర్వాతి కాపీలో మళ్లీ వచ్చింది. మళ్లీ కొట్టేశాను.

రాజ్యాంగ సభలో కె.టి. షా ఒక సవరణ పెట్టాడు: ఇలాంటి ప్రతిపాదన ఆ రాష్ట్ర శాసనసభలోనే పుట్టాలని. నెగ్గలేదు. 1955లో ఐదో సవరణ, గడువు పెట్టే అధికారం రాష్ట్రపతికి ఇచ్చింది. తర్వాత బొంబాయి రాష్ట్రం మీద బాబూలాల్ పరాటే కేసు. శాసనసభ చెప్పిన అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడనక్కర్లేదని సుప్రీంకోర్టు తేల్చింది.

పెద్ద రాష్ట్రంలో చిన్న ప్రాంతం శాసనసభలో ఎప్పటికీ మైనారిటీయే. ఆమోదం కావాలని రాసి ఉంటే తెలంగాణ ఎన్నటికీ వచ్చేది కాదు. 1969లో రాలేదు. 1971లో తెలంగాణ ప్రజా సమితి 14 లోక్‌సభ సీట్లలో 10 గెలిచినా రాలేదు. కాబట్టి ఆ నిబంధన తప్పని అనలేను. కానీ అభిప్రాయం చెప్పమని అడిగినప్పుడు చెప్పాలి కదా.

2014 జనవరి 2

మొన్న శాసనసభ వ్యవహారాల శాఖను శ్రీధర్‌బాబు నుంచి తీసి శైలజానాథ్‌కు ఇచ్చారు. ఒకే పార్టీ, ఒకే మంత్రివర్గం. తెలంగాణలోని మంథని నుంచి రాయలసీమలోని శింగనమలకు.

జనవరి 30

శాసనసభకు ఇచ్చిన గడువు చివరి రోజు. 23తో అయిపోవాల్సింది, వారం పొడిగించారు. సవరణలు 9 వేలకు పైగా వచ్చాయి. మాట్లాడాల్సిన చాలామంది మాట్లాడలేదు, రాసిచ్చారు. చివర్లో బిల్లును తిరస్కరించాలన్న ముఖ్యమంత్రి తీర్మానం మూజువాణి ఓటుతో నెగ్గింది.

మూజువాణిలో పేర్లుండవు. ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో రికార్డులో లేదు. మా నాన్న 1972లో జై ఆంధ్ర అని జైలుకెళ్లాడు. నాన్నకు ఓ అభిప్రాయం ఉండేది. జైలు రికార్డులో పేరు కూడా ఉంది.

ఫిబ్రవరి 13

లోక్‌సభలో మిరియాల స్ప్రే. చల్లింది విజయవాడ ఎంపీ లగడపాటి. కళ్లు మూసుకుని దగ్గుతున్న సభ్యుల ఫొటోలు వచ్చాయి. ఏ పేజీకి ఏది వేయాలని ఇవాళ ఎవరూ అడగలేదు. అన్ని జోన్లకూ ఒకే ఫొటో వెళ్లింది.

ఫిబ్రవరి 18

లోక్‌సభ తలుపులు మూశారు. ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. ఆ సమయంలోనే బిల్లు పాసైంది. అమ్మ ఫోన్ చేసి, టీవీ పాడైందా అంది. కాదమ్మా అన్నాను. కరెంటు పోయిందేమో చూడు అంది. పోలేదన్నాను.

ఫిబ్రవరి 20

రాజ్యసభ. మళ్లీ మూజువాణి. ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్లు ప్రత్యేక హోదా అని ప్రధాని మన్మోహన్ చెప్పారు. పదేళ్లు కావాలన్నారు వెంకయ్యనాయుడు. హోదా సంగతి బిల్లులో లేదు, నోటి మాటే.

తేదీ చూసి పాత ఫైలు తీశాను. పెద్దమనుషుల ఒప్పందం కూడా ఫిబ్రవరి 20నే. 1956. అటు నలుగురు, ఇటు నలుగురు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు కావాలని రాసుకున్నారు. మొదటి మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రే లేడు. రాసుకున్నదీ నోటి మాటగానే మిగిలింది. 58 ఏళ్ల కిందట వాళ్లకు జరిగింది ఇప్పుడు మనకూ జరుగుతుందా అని భయం వేసింది.

డ్యూటీ అయ్యాక తమ్ముడూ నేనూ టీ కొట్టు దగ్గర. రోడ్డంతా గులాల్. ఈసారి అతను అడగకముందే చెప్పాను.

"ఇవ్వాల్సిందే. ముందు నుంచీ అనుకుంటూనే ఉన్నా. కానీ మా అమ్మకు కనపడేట్టు ఇవ్వాల్సింది."

అతను కప్పు కింద పెట్టాడు. "అరవై ఏండ్ల సంది మేము కనపడేటట్టే అడిగినమన్నా."

ఇద్దరం మాట్లాడలేదు. టీ డబ్బులు అతనిచ్చాడు.

మే 16

ఫలితాలు. తెలంగాణలో టీఆర్‌ఎస్ 119కి 63. ఇచ్చిన కాంగ్రెస్‌కు 21. అటు, 175లో కాంగ్రెస్‌కు ఒక్కటీ లేదు. లోక్‌సభ 25లో కూడా ఒక్కటీ లేదు. అమ్మ జీవితంలో మొదటిసారి చేతి గుర్తుకు వేయలేదట. ఎవరికి వేశావని నేను అడగలేదు.

మే 29

పోలవరం ముంపు మండలాల మీద ఆర్డినెన్స్. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు, భద్రాచలం రూరల్, బూర్గంపాడులో కొన్ని ఊళ్లు. ఏప్రిల్ 30న తెలంగాణలో ఓటేసినవాళ్లు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోకి. భద్రాచలం ప్రాంతం 1959 దాకా తూర్పుగోదావరిలోనే ఉండేది. ఆ కోయ ఊళ్లలో ముసలివాళ్లకు ఇది రెండో బదిలీ.

తెలంగాణ బంద్. తమ్ముడు చాలా కోపంగా ఉన్నాడు. నాకూ కోపంగానే ఉంది. ఇవాళ ఇద్దరికీ ఒకే కారణం.

జూన్ 1

అర్ధరాత్రికి రెండు రాష్ట్రాలు. 'రాష్ట్రం' అన్న పేజీ హెడ్డింగు రెండు ఎడిషన్లలోనూ అలాగే ఉంచమన్నారు. విజయవాడ నుంచి వచ్చిన కాపీలో తమ్ముడు 'పొరుగు రాష్ట్రం' అని దిద్దాడు. సరిగ్గానే దిద్దాడు. తల ఎత్తి నా వైపు చూశాడు. వెళ్లనీ అన్నాను.

జూలై 14

ముంపు మండలాల బిల్లు రాజ్యసభలో కూడా పాసైంది.

సాయంత్రం ఆ మండలాల విలేకరి ఫోను. ఇన్నేళ్లూ ఖమ్మం టాబ్లాయిడ్‌కు వార్తలు పంపినవాడు. ఇక ఏ డెస్కుకు పంపాలో తెలియడం లేదన్నాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. "సార్, ఒక ఊళ్లో గ్రామసభ పెట్టుకున్నారు. అందరూ వేలిముద్రలు వేశారు. ఏ ప్రభుత్వానికి పంపాలో ఎవరూ చెప్పలేదు. కాగితం పంచాయతీ ఆఫీసులోనే ఉంది."

ఎన్ని వేలిముద్రలు అని అడిగాను. లెక్కపెట్టి చెబుతానని పెట్టేశాడు. అరగంటకు మళ్లీ చేశాడు.

రెండు ఎడిషన్లలోనూ వేయించాను. ఒకే శీర్షిక.